మునిరత్నం పేరుతోనే నీళ్ళలో దిగాడు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు మొదటే చెబుతున్నాను. పాస్టరు ఉద్యోగంలో ప్రసంగం చిన్న భాగం. పెద్ద భాగం టీ తాగడం. చిత్తూరు నుంచి పుత్తూరు దాకా, అటు నగరి దాకా నేను తాగని టీ లేదు. చక్కెర ఎక్కువైన టీ, పొగవాసన కొట్టే టీ, మేకపాల టీ, ఇంట్లో పాలు లేవని చెప్పడం ఇష్టంలేక పక్కింటి నుంచి చాటుగా తెప్పించిన టీ. ఆ చివరి రకాన్ని ఎప్పుడు గుర్తుపడతారో అప్పుడు మీరు పాస్టరు అయినట్టు. అంతవరకు మీ దగ్గర ఉన్నది సర్టిఫికెట్టు.

రిటైరైనాక కుర్రాళ్ళు వచ్చి, సంఘం పెరగాలంటే ఏం చేయాలని అడుగుతుంటారు. మైకు సెట్టు, గోడ నిండా తెర, యూట్యూబు లైవు, రోడ్డు మలుపులో తమ బొమ్మతో ఫ్లెక్సీ, ఇవన్నీ వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటి మీద నా దగ్గర సలహాలు లేవు. ఒక బాప్తిస్మం సంగతి మాత్రం ఉంది. అది కొంచెంలో ఆగిపోయేది. ఆగి ఉంటే ఒక మనిషి తన తల్లినో తన విశ్వాసాన్నో, రెండింటిలో ఒకటి పోగొట్టుకుని ఉండేవాడు. అది చెప్పే ముందు నేనెవరో, నాకు పని నేర్పింది ఎవరో చెప్పాలి.

దొరల బిడ్డ

నా పూర్తి పేరు ఓబుళనాయని సమూయేలు. మా పక్క పాళెగాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు అందులో మొదటి సగం చాలు. తెలియనివాళ్ళకు మా నాయన కూర్చోబెట్టి చెప్పేవాడు. వాళ్ళు అడగకపోయినా చెప్పేవాడు. మావాళ్ళకు ఒకప్పుడు పాళెం ఉండేది, చిన్న కోట ఉండేది, కంటికి ఆననంత మామిడి తోపులు ఉండేవి. నా కాలానికి మిగిలినవి రాతి స్తంభాల సావడి, నిటారుగా కూర్చునే అలవాటు. సావడిలో ఇప్పుడు టెంటుహౌసువాళ్ళు వంటపాత్రలు పెట్టుకుంటున్నారు. అలవాటు మాత్రం నా దగ్గరే ఉంది. కుర్చీకి వెనక చెక్క ఎందుకు పెడతారో వేదాంత కళాశాలకు వెళ్ళేదాకా నాకు తెలియదు.

తాత క్రైస్తవుడు కావడం వల్లే ఆస్తి పోయిందని మా బంధువులు ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఆస్తిని తిన్నది అన్నదమ్ముల కోర్టు వ్యాజ్యాలు. అంతా పోయాకే తాతకు దేవుడు దొరికాడు. ఈ వరస తిప్పి చెప్పేవాళ్ళతో నేను పెళ్ళిళ్ళలో ఎదురుపడినా మాట్లాడను.

పాస్టరు పనికి పోతానన్నప్పుడు నాయన చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"మన వంశంలో ఇంగొకరి కింద పని చేసినోడు లేడురా," అన్నాడు.

"దేవుని కింద గదా నాయనా."

ఇంకాసేపు ఆలోచించాడు. "అయితే సరే. ఆయన గూడా రాజవంశమే గదా," అన్నాడు.

ఈ గర్వానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వబోవడం లేదు. పడిపోయిన ఇంటి వారసుడికి ఒక సంగతి మిగతావాళ్ళకంటే బాగా తెలుస్తుంది. అన్నీ పోయినప్పుడు మనిషి పట్టుకునేది తన పేరునే. ఈ ఉద్యోగంలో నాకు అక్కరకొచ్చిన చదువు అదే.

పెద్దయ్యగారు

నా మొదటి పై అధికారి యెహోషువ అయ్యగారు. పొట్టి మనిషి, పాత స్కూటరు, ఎండాకాలంలో కూడా నల్ల కోటు. ఇతరుల ప్రసంగాల్లో ముందు వరసలో కూర్చుని హాయిగా నిద్రపోయేవారు. నా మొదటి ప్రసంగం అయ్యాక ఎలా ఉందని అడిగాను. "బాగుండాదబ్బా. రెండుసార్లు లేసినాను," అన్నారు. దాన్ని పొగడ్తగా తీసుకోవాలని తర్వాత తెలిసింది.

ఆయనలో పెద్ద లోపం ఒకటుంది. సంఘ పెద్దలతో తగాదా వచ్చేలా ఉంటే కడుపునొప్పి అని ఇంటికి వెళ్ళిపోయేవారు. ఆ కడుపునొప్పి వల్ల చాలామందికి అన్యాయం జరిగింది. మంచివాడు కాబట్టి ఎవరూ ఆ మాట అనలేదు. నేను అంటున్నాను.

కానీ పని నేర్పారు. ఎవరికైనా బాప్తిస్మం ఇచ్చే ముందు వాళ్ళింట్లో ఒక పూట అన్నం తినాలన్నది ఆయన పద్ధతి. ఆ ఇంట్లో మన గుడికి రానివాళ్ళు ఉంటే వాళ్ళ చేత్తోనే వడ్డించుకోవాలి. "నీళ్ళలో మునిగేది ఒగడే. తడిసేది ఇల్లంతా," అనేవారు.

ఇంకొకటి సాక్ష్యాల గురించి. మా గుళ్ళలో కృతజ్ఞత కూడిక రోజు ఒక్కొక్కరే లేచి, ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. ఉద్యోగం వచ్చినవాడు లేస్తాడు, బండి మీద నుంచి పడి బతికినవాడు లేస్తాడు, కూతురికి సీటు వచ్చినవాడైతే పిలవకముందే లేస్తాడు. ఆ ఏడాది దెబ్బతిన్నవాళ్ళు తల వంచుకుని చాప మీద పుల్లలు లెక్కపెడుతుంటారు. పెద్దయ్యగారు ముందు వారమే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవారు. దేవుడు ఏం మేలు చేశాడని అడిగేవారు కాదు.

ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆ ఇంటి మనిషి ఆసుపత్రిలో పోయాడు. భార్యను ఆయన అడిగిన మొదటి మాట, "ఆసుపత్రిలో ఉన్న దినాలు పిల్లోళ్ళకు అన్నం ఎవురు పెట్టినారమ్మా?"

ఆమె ఆలోచించింది. "ఎదురింటి సాయబులామె," అంది. కాసేపటికి, "జడలు గూడా ఆమే ఏసింది అయ్యగారూ. ఇస్కూలుకు పంపించింది. నేను ఇంతవరకు ఆ మాటే తలుసుకోలేదు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూడికలో ఆమె ఆ జడల సంగతే చెప్పింది. ఉద్యోగం వచ్చినవాళ్ళ సాక్ష్యాలు ఒక్కటీ గుర్తులేదు నాకు. అది గుర్తుంది. మేలును మరిచిపోయినవాళ్ళలో ఎక్కువమంది అలసిపోయినవాళ్ళు. వాళ్ళ మీద అవిశ్వాసమని ప్రసంగించకండి. పక్కన కూర్చుని, ఆ రోజు ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టించారో అడగండి.

వ్యానులో కూర్చున్నవాడు

తర్వాత చాలా ఏళ్ళకు, పుత్తూరు పక్క ఒక పల్లె సంఘానికి నేనే అయ్యగారినయ్యాను. అక్కడ సులోచన అనే అమ్మాయి ప్రతి ఆదివారం వచ్చేది. పుట్టుకతో క్రైస్తవురాలు. ఆమె మొగుడు మునిరత్నం పాల వ్యాను నడిపేవాడు. పెళ్ళాన్నీ బిడ్డనూ గుడి దగ్గర దించి, తాను వేపచెట్టు నీడలో వ్యాను ఆపుకుని, తలుపు తెరిచి పెట్టుకుని కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "ఈడ గాలి బాగుండాది సామీ," అనేవాడు. అప్పట్లో అతనికి తాగుడు ఉండేది. ఇంట్లో చెయ్యి చేసుకోవడం కూడా ఉండేది.

ఒక ఆదివారం గుడి విడిచాక నన్ను ఆపాడు.

"పోయిన వారం మీ ప్రసంగం మద్దెలో పాలకు పోవాల్సొచ్చింది సామీ. ఆ తప్పిపోయిన గొర్రె దొరికిందా?"

"దొరికింది."

"అనుకున్నా. దొరక్కుంటే మీరింత నిమ్మళంగా ఉండరు గదా."

లోపల కూర్చునేవాళ్ళలో ఒక్కరు కూడా నన్ను అలా అడగలేదు. అతను ఒక్కో వారం ఒక్కో అడుగు దగ్గరికి వచ్చాడు. వ్యాను నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి వెనక చాప దాకా. ఈ మధ్యలోనే తాగుడు పోయింది. ఎలా పోయిందని అడిగితే, "నాకే తెలీదు సామీ. పోయిన దినం గూడా గుర్తులేదు," అన్నాడు. చివరికి బాప్తిస్మం కావాలన్నాడు.

సంఘమంతా సంతోషించింది. సంఘ పెద్ద జయపాల్ గారు, రిటైరైన పోస్టుమాస్టరు, వెంటనే పని మొదలుపెట్టారు. "పేరేం పెడదాం అయ్యగారూ? మునిరత్నం అని పిలవలేం గదా. అది మునీశ్వరుని పేరు."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మునీశ్వరుడు మా వైపు ఊరి బయట చెట్టు కింద కొలుచుకునే దేవుడు. మా వైపు సంఘాల్లో బాప్తిస్మం రోజు కొత్త పేరు పెట్టే అలవాటు ఉంది. గుళ్ళో యాకోబు, ఊళ్ళో వెంకటేశు. చాలామంది ఆ కొత్త పేరును ఇష్టంగానే పెట్టుకుంటారు, వాళ్ళ సంతోషం నిజమైనదే. కాబట్టి నాకూ అందులో తప్పు కనబడలేదు. మనిషి పొడుగు, ఓర్పున్నవాడు, ఇన్నేళ్ళు వ్యానులో కాచుకున్నాడు. అబ్రాహాము అని పెడదామన్నాను. మునిరత్నం తల ఊపి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను మళ్ళీ వేపచెట్టు కింద వ్యానులో ఉన్నాడు. తలుపు కూడా మూసి ఉంది.

సులోచన వచ్చి చెప్పింది. "పేరు మార్చేది తెలిసినకాడ్నుంచి మా అత్త అన్నం ముట్లేదు అయ్యగారూ. ఈయన అమ్మ మొగం సూడ్లేకుండా ఉండాడు, నా మొగం సూడ్లేకుండా ఉండాడు. రాత్రి, 'నాకు ఏ దేవుడూ వద్దులే, ఇంట్లో గంజినీళ్ళయినా నిమ్మళంగా తాగనీ,' అన్నాడు."

సంగటి ముద్ద

పెద్దయ్యగారి పద్ధతి నేను ఎప్పుడూ తప్పేవాడిని కాదు. ఆ ఇంటికి భోజనానికి ఇంకా వెళ్ళలేదు, అంతే. వెళ్ళాను.

మునిరత్నం తల్లి మునెమ్మ వాకిట్లో చేట పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తోంది. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం పెద్దది. "రా సామీ. కుర్చీ ఉండాది, కూసో. దొరలు సంగటి తింటారా?" అంది.

"తింటారమ్మా. నువ్వు తినకుంటే మాత్రం తినరు."

నా వైపు ఒక చూపు చూసి, లేచి రెండు కంచాలు తెచ్చింది. రాగి సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరిమిండి పచ్చడి. కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు గడప దగ్గర కూర్చుంది.

"వాడు నీ దేవుని దగ్గరికి పోతానంటే నేను అడ్డం పడలే సామీ," అంది మునెమ్మ. "తాగుడు నిలిచింది. నాకు కండ్లు ఉండాయి, సూస్తానే ఉండా. కానీ పేరు నాది. నేను పెట్టింది."

"ఎట్ల పెట్టినావమ్మా ఆ పేరు?"

ఇంతవరకు ఆ మాట ఎవరూ ఆమెను అడిగినట్టు లేదు. ముద్ద తుంచిన చెయ్యి ఆగింది.

"ముందర ఇద్దురు పోయినారు. ఒగడు పేరు పెట్టకముందే పోయినాడు. వీడు పుట్టినప్పుడు ఏడవలే. మంత్రసాని గుడ్డలో సుట్టి పక్కన పెట్టేసింది, వీడు గూడా పోయినాడు, ఇంగ నీళ్ళు పోసుకో అనింది నాతో. నేను మునీశ్వరా అని ఒగ కేక పెట్టినా. గుడ్డలోనించి వీడు గూడా కేకేసినాడు. ఆ పేరే పెట్టినా. ఇప్పుడు నువ్వొచ్చి అబ్రామో గిబ్రామో అంటే, సందేళ వాడు ఇంటికి రాకుంటే నేను ఏమని పిలిచేది?"

పాస్టర్లు చెప్పే జవాబే చెప్పాను. "పేరు మారితే కొడుకు మారడు గదమ్మా."

"మారకుంటే ఎందుకు మార్సేది?"

ఊరిమిండి కారంగా ఉంది. మంచినీళ్ళు తాగాను.

"నీ పేరేంది సామీ?" అంది.

"సమూయేలు."

"అంతేనా? మొత్తం చెప్పు."

"ఓబుళనాయని సమూయేలు." ఆ పేరును నేను ఎప్పుడూ వీపు నిటారుగా పెట్టే చెబుతాను. అప్పుడూ అలాగే చెప్పాను.

ఆమె తల పంకించింది. "ఓబులేసు. అహోబిలం సామి. ఆయన్ని నువ్వు వదల్లేదే. నీతోపాటు గుడి లోపలికి వచ్చేసినాడు. దొరల సామికైతే తలుపు తీస్తారు, మా మునీశ్వరుడు మాత్రం బయట నిలబడాల్నా?"

సులోచన తల పక్కకు తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు. మునిరత్నం మాత్రం వ్యాను టైరు వైపు గంభీరంగా చూస్తున్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. మా వంశంలో ఇంత సూటిగా మాట్లాడేవాళ్ళు ఒకరిద్దరు పుట్టి ఉంటే ఆ వ్యాజ్యాలు నడిచేవే కావు. "ఇంగొక ముద్ద పెట్టమ్మా," అన్నాను.

తిరిగొచ్చే దారి పొడుగునా ఆ గుడ్డలో చుట్టిన పసికందే గుర్తొచ్చాడు. ఊపిరి ఇచ్చేది ఒక్కడేనని నా విశ్వాసం. ఆ రోజు ఆమె తనకు తెలిసిన పేరుతో కేక పెట్టింది, బిడ్డ బతికాడు. ఊపిరి ఇచ్చింది ఎవరన్న విషయంలో మునెమ్మకూ నాకూ ఎప్పుడూ కుదరలేదు, ఇప్పటికీ కుదరలేదు. కానీ మేలు జరిగింది. ఆ మేలుకు ఆమె పెట్టుకున్న గుర్తు కొడుకు పేరు. ఏడాదికొకసారి మేళ్ళు గుర్తు చేసుకోండని జనానికి చెప్పేవాడిని, రోజూ సాయంత్రం ఆమె వీధిలోకి పిలుచుకునే ఆ మేలును నేనే చెరిపేయబోయాను.

పెద్దల కూటం

శనివారం సాయంత్రం పెద్దలను పిలిచి, మునిరత్నం పేరు మార్చడం లేదని, మరుసటి రోజే బాప్తిస్మమని చెప్పాను. జయపాల్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పేరు మారకుంటే మార్పేముండాది అయ్యగారూ? కొత్త మనిషి అంటారు, పాత పేరుంటే ఎట్ల?"

"తాగుడు మానినాడు. పెళ్ళాం మీద చెయ్యెత్తడం మానినాడు. పాలల్లో నీళ్ళు కలపడం మానినాడు."

"అది నిజమేనప్పా," అన్నాడు ఇంకొక పెద్ద. "ఈ మద్దెన పెరుగు గట్టిగా తోడుకుంటాండాది."

జయపాల్ గారు నవ్వలేదు. "అన్యదేవుని పేరుతో మనిషిని నీళ్ళలో ఎట్ల దించుతారు?"

"నా పేరు పలకండి జయపాల్ గారూ. మొత్తం."

పలికారు. సగంలోనే ఆయనకు అర్థమైంది. అయినా చివరిదాకా పలికారు, మనిషి నిజాయితీపరుడు.

"ఇన్నేళ్ళు మీకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి ఇచ్చింది ఆ పేరున్నోడే," అన్నాను. "తీసెయ్యమని ఒక్కరూ అడగలేదు. దొరల పేరు గాబట్టి అడగలేదు. మునిరత్నం పేరు తీయాలంటే ముందు నాది తీయాల. నేను తీయను. ముందే చెబుతున్నా."

"మీరు తీయరు గాబట్టి ఆయన్ది గూడా తీయకూడదంటారు. ఇది వాక్యమా అయ్యగారూ, దొరతనమా?"

"రెండూ," అన్నాను.

నాకు కడుపునొప్పి రాలేదు. మీకూ రాకూడదు.

జయపాల్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని లేచారు. "నేను ఒప్పుకోలేదని గుర్తుపెట్టుకోండి," అన్నారు. చెప్పులు తొడుక్కుంటూ, "రేపు ఎన్నింటికి?" అని అడిగారు.

ఈ మధ్య కుర్రాళ్ళు క్రీస్తులోనే మన గుర్తింపు అని బాగా ప్రసంగిస్తున్నారు. నిజమే. కానీ వినేవాళ్ళకు అది పలక తుడిచేసినట్టు వినబడుతోంది. నా సంగతి చెబుతాను. ఓబుళనాయని వారసుడినని మాత్రమే అనుకున్నంతకాలం పోయినవే నాకు కనబడేవి, తోపు, కోట, మర్యాద. దేవుని బిడ్డనని తెలిశాక ఆ పేరు పోలేదు, దాని బరువు పోయింది. పేరున్న దొరకు జరిగిన ఈ మేలు పాల వ్యాను డ్రైవరుకు ఎందుకు జరగకూడదు?

తొట్టి దగ్గర

ఒక విశ్వాసి మామిడి తోటలో మోటారు తొట్టి ఉంది, నిలబడితే ఛాతీ దాకా నీళ్ళు. ఆదివారం పొద్దున సంఘమంతా దాని చుట్టూ చేరింది. అత్త వస్తుందా అని సులోచనను అడిగాను. "రానని చెప్పింది. చెప్పి, కోక మార్చుకుంటాండాది," అంది.

మేము పాట ఎత్తుకున్నాక వచ్చింది మునెమ్మ. తొట్టి దగ్గరికి రాలేదు. దూరంగా మోటారు గది పక్కన, చేతులు కట్టుకుని నిలబడింది. మేము ఆమె కొడుకును ఏం చేస్తామో చూసి పోదామన్నట్టు నిలబడింది.

నేను నీళ్ళలో దిగాను. మునిరత్నం దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, తల్లి వైపు చూడటం లేదు. మా పద్ధతిలో అయ్యగారు "ఇతని పేరేమి?" అని అడిగితే, గట్టు మీద నిలబడిన సంఘ పెద్ద ఆ పేరు పలకాలి. ఆ పని జయపాల్ గారిది.

"ఇతని పేరేమి?" అన్నాను.

జయపాల్ గారు గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. నా మీద కోపంతో ఊరుకున్నారేమో, అందరి ముందు ఆపేస్తారేమో అనుకున్నాను. మునిరత్నం కూడా అలాగే అనుకున్నాడు, నీళ్ళ కింద నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు జయపాల్ గారు మోటారు గది వైపు తిరిగారు.

"పెట్టింది నువ్వు గదమ్మా," అన్నారు. "నువ్వే చెప్పు."

అందరి తలలూ అటు తిరిగాయి. ఎవరో వెళ్ళి మోటారు ఆపారు. మునెమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, సందేళ పొలం అవతల ఉన్నవాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"మునిరత్నా... ఒరే మునిరత్నా..."

ఛాతీలోతు నీళ్ళలో నిలబడినవాడు, ఎక్కడున్నాడో మరిచిపోయి, "వస్తాండానమ్మా," అన్నాడు.

గట్టంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగకముందే, అదే పేరుతో, నేను అతన్ని నీళ్ళలో ముంచి లేపాను.